స్పైడర్‌మ్యాన్ చేతిలో కెమెరా – మన చేతిలో బాధ్యత

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన సుబేదార్ మైకు ముందుకొస్తే పెన్షన్ సంగతో, ఈసీహెచ్ఎస్ కార్డు సంగతో మాట్లాడతాడని అనుకుంటారు. అవి చెప్పేవాళ్ళు నా తర్వాత ఉన్నారు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "విశ్రాంత జీవితంలో ఒక హాబీ". నా హాబీ ఫోటోలు తీయడం. అందులోనూ ఎక్కువగా సాలెపురుగుల ఫోటోలు. ఇది నాకు అంటుకున్నది స్పైడర్‌మ్యాన్ వల్ల. పిల్లలు నవ్వుతున్నారు, నవ్వండి. ఈ వయసులో ఈయనకి స్పైడర్‌మ్యాన్ ఏమిటని మా ఇంట్లో కూడా నవ్వుతారు. కానీ ఆ కథలో మన ఫౌజీలకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అది చెప్పడానికే వచ్చాను.

ముందుగా ఆ కథను పుట్టించినవాళ్ళ గురించి రెండు ముక్కలు. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి 1962లో అమెరికాలో ఒక బొమ్మల పుస్తకంలో కనిపించాడు. కథ రాసినాయన స్టాన్ లీ, బొమ్మలు వేసినాయన స్టీవ్ డిట్కో. ఇద్దరూ సైన్యంలో పనిచేసినవాళ్ళే. స్టాన్ లీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ ఆర్మీ సిగ్నల్ కోర్‌లో చేరి మొదట టెలిగ్రాఫ్ స్తంభాల మరమ్మతు చేశాడు. తర్వాత ట్రైనింగ్ ఫిల్ములకు, మాన్యువల్స్‌కు రాతపని చేశాడు. డిట్కో యుద్ధం ముగిశాక జర్మనీలో సేవ చేశాడు. ఇద్దరూ 2018లోనే పోయారు. మన సిగ్నల్స్ వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, స్పైడర్‌మ్యాన్ మీ బిరాదరీ వాడే అని చెప్పుకోవచ్చు.

ఇక కథ. పీటర్ పార్కర్ అనే కుర్రాడు. తల్లిదండ్రులు లేరు, పెద్దనాన్న, పెద్దమ్మ పెంచారు. ఒక సాలెపురుగు కుట్టి బలం వచ్చింది. ఆ బలంతో డబ్బు సంపాదించుకుందామనుకున్నాడు. ఒక దొంగ తన పక్కనుంచే పరిగెత్తిపోతుంటే నాకెందుకులే అని ఊరుకున్నాడు. ఆ దొంగే తర్వాత పెద్దనాన్నను చంపాడు. చేతనైనవాడు చేతులు కట్టుకుని నిలబడితే ఏమవుతుందో అక్కడ తెలిసింది ఆ కుర్రాడికి. ఇంతవరకు సినిమాలు చూసినవాళ్ళందరికీ తెలుసు.

చాలామంది గమనించనిది అతని జీవనోపాధి. పెద్దనాన్న పోయాక ఇల్లు గడవాలి. 1963లో వచ్చిన కథ నుంచే అతను ఫోటోగ్రాఫర్. కెమెరాను సాలెదారంతో గోడకు అంటించి, అది తనంతట తానే ఫోటోలు తీసేటట్టు పెట్టి, స్పైడర్‌మ్యాన్‌గా తాను పోరాడుతున్న ఫోటోలు తానే తీసుకుని పత్రికకు అమ్మేవాడు. ఈరోజు మనం సెల్ఫీ అంటున్నది అతను అప్పుడే చేశాడన్నమాట. ఆ పత్రిక ఎడిటర్ జేమ్సన్‌కు స్పైడర్‌మ్యాన్ అంటే గిట్టదు. ఇతని దగ్గరే ఫోటో కొని, ఇతన్నే దుర్మార్గుడని కింద రాసి అచ్చు వేసేవాడు. ఫోటో నిజం. కింద రాసింది అబద్ధం. తీసినవాడికి డబ్బు వచ్చింది, పరువు పోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

2004లో స్పైడర్‌మ్యాన్ రెండో సినిమా తెలుగులో డబ్ అయి వచ్చింది. అప్పుడు నేను ఇక్కడే, ఈ దీవుల్లో మొదటి పోస్టింగ్‌లో ఉన్నాను. మా అబ్బాయి మూడో తరగతి. క్వార్టర్ వెనక చెట్ల మధ్య చాటంత సాలెగూడు ఉండేది. దాన్ని చూసి వాడు అడిగాడు: "నాన్నా, పీటర్ పార్కర్ ఎప్పుడూ తన ఫోటోలే తీసుకుంటాడేం? తనకి బలం ఇచ్చిన సాలెపురుగు ఫోటో ఒక్కటీ తీయడేం?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన తీయకపోతే మనం తీద్దాంలేరా అన్నాను. మా రోలు కెమెరాతో మొదలైన పని అది. రెండో పోస్టింగ్ నాటికి డిజిటల్ కెమెరా వచ్చింది. ఇప్పుడు ఫోనుతో కూడా తీస్తున్నాను.

తెలుగువాడికి సాలీడు కొత్త చుట్టం కాదు. శ్రీకాళహస్తి పేరులో 'శ్రీ' అంటే సాలీడే. 'కాళం' పాము, 'హస్తి' ఏనుగు. స్వామి లింగం మీద ఆ సాలీడు దారాలతో గుడి కట్టిందని, దీపం అంటుకుని గూడు కాలిపోతుంటే ఆ దీపాన్నే మింగబోయిందని మన పెద్దలు చెప్పారు. ప్రాణం కన్నా పట్టిన కాపలా గొప్పదనుకుంది. ఫౌజీకి ఇంతకన్నా వేరే చెప్పాలా? అమెరికా సాలీడు 1962లో పుట్టింది. మనది ధూర్జటి కాలానికే పాత కథ.

ఇక ఈ దీవుల సంగతికి వద్దాం. ఇక్కడ అడవిలో మొదట కంటబడేది పెద్ద అడవి సాలీడు. శాస్త్రం పేరు నెఫిలా పిలిపెస్. ఆడదాని ఒళ్ళే 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది. కాళ్ళు చాస్తే మన అరచెయ్యి నిండుతుంది. మగది అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అదే గూట్లో ఒక మూల బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. అన్నదమ్ములెవరూ పైకి నవ్వకండి, ఆడవాళ్ళు చూస్తున్నారు. గూడు మీటరు దాకా వెడల్పు ఉంటుంది. ఎండ పడితే దారం బంగారు రంగులో మెరుస్తుంది. సాలీడు నడిమధ్య తలకిందులుగా కూర్చుంటుంది. చూస్తే భయమే గానీ మనిషికి దానివల్ల ప్రమాదం లేదు. ఇంకొకటి ఆర్గియోపి జాతి. కాళ్ళు రెండేసి జతచేసి గుణకారం గుర్తులా కూర్చుంటుంది. గూట్లో తెల్లదారంతో అదే గుర్తు కుట్టుకుంటుంది. మూడోది గెంతే సాలీడు, మన కిటికీ చట్రం మీదే దొరుకుతుంది. నాలుగు జతల కళ్ళు. ముందున్న రెండూ పెద్దవి, జీపు హెడ్‌లైట్లలాగా. మనం కెమెరా పెడితే మనవైపే తిరిగి చూస్తుంది. పిల్లలు దీనితోనే మొదలుపెట్టాలి.

సినిమాలో స్పైడర్‌మ్యాన్‌కు మణికట్టు నుంచి దారం వస్తుంది. నిజం సాలీడుకు పొట్ట చివరన ఉన్న గ్రంథుల నుంచి వస్తుంది. బరువుకు బరువు చూస్తే ఆ దారం ఉక్కు కన్నా గట్టిది. పేరులో పురుగు ఉన్నా ఇది పురుగు జాతి కాదు. పురుగుకు ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. ఈ దీవుల సాలీళ్ళ మీద జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన టికాదర్ అనే శాస్త్రవేత్త 1970లలోనే పరిశోధన చేసి అచ్చువేశారు. ఆ సంస్థకు ఇక్కడ, అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో శ్రీ విజయ పురం అయిన మన ఊళ్ళో, ప్రాంతీయ కేంద్రం ఉంది. పిల్లలను ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.

పెట్రోలింగ్ చేసినవాళ్ళకు సాలెగూడు ఇంకోలా తెలుసు. ముందు నడిచేవాడి ముఖానికే అంటుకుంటుంది. అందుకే కర్ర అడ్డం పెట్టుకుని నడుస్తాడు. అదే గూడు సమాచారం కూడా ఇస్తుంది. మా సెక్షన్‌లో శ్రీకాకుళం జిల్లా హవల్దార్ ఒకాయన ఉండేవాడు. కాలిబాటకు అడ్డంగా గూడు చెక్కుచెదరకుండా ఉంటే ఆగి, "సాబ్, ఈ గూడు కట్టాక ఈ దారిన మనిషి పోలేదు" అనేవాడు. ఏ కోర్సులో నేర్చుకున్నావయ్యా అంటే, మా ఊరి జీడితోటల్లో అనేవాడు. చూడ్డం నేర్చినవాడికి అడవి అంతా రాసిపెట్టిన కాగితమే. కెమెరా నాకు ఆ చూడ్డమే నేర్పింది.

ఫోటో తీయాలనుకునేవాళ్ళకు నా అనుభవంలో నాలుగు మాటలు.

మొదటిది వెలుతురు. మనం దేశానికి బాగా తూర్పున ఉన్నాం, గడియారం మాత్రం దేశానికంతా ఒకటే. అందుచేత ఇక్కడ ఐదు, ఐదున్నరకే వెలుగు వస్తుంది, సాయంత్రం ఐదున్నరకే పోతుంది. రిటైరైనా నాలుగున్నరకు మెలకువ వచ్చే మనలాంటి వాళ్ళ కోసమే పెట్టినట్టుంటుంది. సూర్యుడు గూటి వెనక ఉండేటట్టు నిలబడితే దారం దారం లెక్కపెట్టవచ్చు. రాత్రి మంచు పడితే ముత్యాలు గుచ్చినట్టుంటుంది. కొందరు స్ప్రే కొట్టి నీళ్ళు చల్లుతారు. నేను చల్లను. అది దాని ఇల్లు.

రెండవది వెనక భాగం. గూటి వెనక ఆకులూ కొమ్మలూ ఉంటే దారం కనిపించదు. ఇంకొకరిచేత రెండు మూడు అడుగుల దూరంలో నల్లగుడ్డ పట్టించండి. పాత గొడుగు గుడ్డ చాలు.

మూడవది స్థిరత్వం. ఫైరింగ్ రేంజిలో నేర్చిందే ఇక్కడా పనికొస్తుంది. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి సగం వదిలి, వేలు మెల్లగా నొక్కాలి. ఫోకస్ కంటి మీద ఉండాలి. కన్ను స్పష్టంగా ఉంటే కాలు మసకబారినా ఫర్వాలేదు. గాలి వీస్తుంటే ఆగాలి. ఒక్కోసారి పావుగంట ఆగాలి. సెంట్రీ డ్యూటీ చేసినవాడికి పావుగంట ఒక లెక్కా?

నాలుగవది తేమ. ఇక్కడ ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. లెన్సు లోపల బూజు పడితే ఇక దాని పని అయిపోయినట్టే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ సంచులు వేసి కెమెరా పెట్టండి. ఏసీ గదిలోంచి బయటికి తెస్తే అద్దం మసకేస్తుంది, అలవాటు పడేదాకా సంచిలోంచి తీయకండి. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోనుకు తగిలించే చిన్న మ్యాక్రో లెన్సుతోనే గెంతే సాలీడు కళ్ళు వస్తాయి.

ఇంతవరకు ఎలా తీయాలో చెప్పాను. ఏది తీయకూడదో, తీసినా ఏది చెప్పకూడదో కూడా చెప్పాలి. జేమ్సన్ సంగతికి మళ్ళీ వస్తానన్నాను కదా, ఇప్పుడు వస్తున్నాను.

మన అనంతపురం జిల్లా గుత్తి పేరు ప్రపంచంలో సాలీళ్ళ శాస్త్రవేత్తలందరికీ తెలుసు. అక్కడి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే ఆయన శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. మెరిసే నీలిరంగు ఒళ్ళు. స్పైడర్‌మ్యాన్ బట్టల్లో నీలం దీని ముందు వెలవెలబోతుంది. తర్వాత నూరేళ్ళు అది ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల – గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. ఒక కారణం అడవి తగ్గిపోవడం. ఇంకో కారణం దాని అందం. విదేశాల్లో అద్దాల పెట్టెల్లో పెంచుకోవడానికి కొంటారు. అంటే అలాంటి దాని ఫోటో తీసి, ఫలానా ఊరు, ఫలానా చెట్టు తొర్ర అని పంచితే, మనం ప్రేమతో పంచిందే పట్టుకుపోయేవాడికి మ్యాపు అవుతుంది. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే మనం నోరు తెరవకపోయినా ఫోటోనే చెప్పేస్తుంది. యూనిట్ ఎక్కడుందో బయట చెప్పకూడదని నేర్చుకున్నవాళ్ళం, ఒక ప్రాణి ఎక్కడుందో దాచలేమా?

ఇక అసలు సంగతి, ఈ దీవుల సంగతి. 1879లో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే అధికారి ఇక్కడికి వచ్చాడు. నౌకాదళం నుంచి వచ్చినవాడే. అండమానీ తెగల బాధ్యత అతనికి అప్పగించారు. 1880లో ఉత్తర సెంటినల్ దీవి నుంచి ఒక ముసలి జంటను, నలుగురు పిల్లలను పట్టి పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చారు. మన జబ్బులు తగిలి ముసలివాళ్ళు ఇద్దరూ పోయారు. పిల్లలను కానుకలిచ్చి తిరిగి పంపారు. తర్వాత 1890లలో అతను బ్రిటిష్ మ్యూజియం కోసం అండమానీలను వరుసగా నిలబెట్టి, కొలతలు తీసి, ఫోటోలు తీశాడు. మంచి కెమెరా, మంచి పనితనం. ఆ ఫోటోలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఫోటోలోని జనం? 1858లో బ్రిటిష్‌వాళ్ళు వచ్చేనాటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవారని అంచనా. 1901 జనాభా లెక్కల్లో 625 మంది. 1961లో 19 మంది. కెమెరా వాళ్ళను చంపలేదు, జబ్బులు చంపాయి. కానీ మ్యూజియంలో ఫోటో ఉండిపోయి, మనిషి పోయాడంటే, కాపలా ఎక్కడో తప్పిందనే కదా అర్థం.

అది పాతకాలం అనుకోకండి. 2012 జనవరిలో జరావా ఆడవాళ్ళచేత తిండి ఆశ చూపి డాన్సు చేయిస్తున్న వీడియో లండన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. దేశమంతా తలదించుకుంది. అదే ఏడాది 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను గట్టిచేశారు. వాళ్ళ ప్రాంతంలోకి పోయి ఫోటో తీస్తే ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బస్సులో పోతుంటే జరావా కనిపిస్తాడు. చేతిలో ఫోను ఉంటుంది. అద్దం పక్కన సీటు ఉంటుంది. ఎవరూ చూడరు కూడా. అప్పుడు ఫోను జేబులో ఉంచుకున్నవాడే నా లెక్కలో ఫోటోగ్రాఫర్. ఎందుకంటే ఆ ఫోటో తీసినవాడు మంచివాడే కావచ్చు. అది చేయి దాటాక ఏ జేమ్సన్ చేతిలో పడుతుందో, కింద ఏం రాస్తాడో వీడికి తెలియదు. తుపాకీ నుంచి వెళ్ళిన తూటాకు, ఫోను నుంచి వెళ్ళిన ఫోటోకు వెనక్కి పిలిచే ఆర్డరు లేదు. విమానాశ్రయం, నేవీ జెట్టీ, రాడార్ దగ్గర ఫోటోలు వద్దని మీకు నేను చెప్పనక్కరలేదు. మన ఇళ్ళకు వచ్చే చుట్టాలకు మనమే చెప్పాలి. ఆంధ్రా నుంచి సెలవులకు వచ్చినవాళ్ళకు ఆ కట్టుబాట్లు తెలియవు.

తీయకూడనివి చెప్పి వదిలేస్తే భయపెట్టినట్టవుతుంది. తీయవలసినవి కూడా ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 సునామీ ఇక్కడ చాలామంది గుండెల్లో ఇంకా ఉంది. కార్ నికోబార్ ఎయిర్ ఫోర్స్ స్టేషన్‌లో వందమందికి పైగా వాయుసేన వాళ్ళు, వాళ్ళ కుటుంబాల వాళ్ళు పోయారు. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్‌లో వరిపొలాలు ఉప్పునీటి కింద ఉండిపోయాయి. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడి ఎండిపోయాయి. అంతకుముందు ఆ పొలం ఎలా ఉండేదో, గట్టు ఎక్కడుండేదో చూపేవి ఇంటి ఆల్బముల్లోని మామూలు ఫోటోలే. పెళ్ళి ఫోటో వెనక కనబడే కొబ్బరిచెట్టు కూడా ఇవాళ సాక్ష్యమే. అందుకని మీరు తీసే ప్రతి ఫోటోకు తేదీ, నెల, సంవత్సరం రాయండి. మీ ఇంటి వెనక సాలెగూడును ఏటా ఒకే నెలలో తీయండి. పదేళ్ళకు అది రికార్డు అవుతుంది. రికార్డు రాయడం మనకు బాగా అలవాటైన పని.

ఆఖరుగా నాతోటి రిటైరీలకు ఒక మాట. యూనిఫారం తీసేశాక మొదటి ఆరు నెలలు బాగుంటుంది. తర్వాత పొద్దున లేస్తే రిపోర్టు చేయడానికి ఎవరూ ఉండరు. పేపరు చదవడం అయిపోతుంది, టీ రెండుసార్లు అయిపోతుంది, పదకొండు కూడా కాదు. మంచి జవాన్లు ఆ ఖాళీలో పడి కుంగిపోవడం చూశాను. మందుసీసా దగ్గరికి పోయినవాళ్ళనూ చూశాను. నాకు మాత్రం ఐదింటికి అడవి అంచున ఒక సాలీడు ఎదురుచూస్తున్నట్టుంటుంది. దానికి నా ర్యాంకుతో పనిలేదు. రాత్రి తెగిన దారం పొద్దునకల్లా మళ్ళీ కట్టుకుంటుంది. దాన్ని చూశాక ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవాలంటే సిగ్గేస్తుంది.

2011 లెక్కల్లో ఈ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది తెలుగువాళ్ళం. కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి మన పిల్లలు తీసిన ఫోటోలతో ఒక గోడ పెట్టండి. మూడే షరతులు: ఫోటో వెనక తేదీ ఉండాలి, ఏ గూడూ చెరపకుండా తీసి ఉండాలి, ఏ మనిషినీ అడగకుండా తీసి ఉండకూడదు. స్పైడర్‌మ్యాన్ బొమ్మ చొక్కా వేసుకున్న పిల్లలు ముందు వరుసలో చాలామందే ఉన్నారు. పేర్లు ఇవాళే రాసుకుంటాను, కింద బల్ల దగ్గరికి రండి. ఫోనులో లొకేషన్ ఎలా ఆపాలో కూడా అక్కడే చూపిస్తాను.